రేడియో తాత ఒప్పుకోలు

కోరుట్ల,
2 జులై 2025

చిన్నాయనకు,

స్వర్ణలత దండం పెట్టి రాస్తున్నది. చిన్నమ్మ మోకాళ్లు డాక్టరుకు చూపించావా, లేక ఈసారి కూడా "రేపు, ఎల్లుండి" అంటూ చిన్నమ్మతోనే నూలు కండెలు చుట్టిస్తున్నావా? నిజం రాయి. నువ్వు రాయకపోతే చిన్నమ్మనే అడుగుతాను, అప్పుడు నీకే నష్టం.

ఈ ఏడు నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు. ముప్పై నాలుగు మంది పిల్లలు. మన వసంత బిడ్డ అఖిల కూడా ఇందులోనే ఉంది. బడిలో నన్ను మేడం అనాలి, ఇంటికొస్తే పెద్దమ్మా అనాలి. ఎప్పుడేమనాలో తేలక నీ మనవరాలు ఏమీ అనకుండానే కాలం గడుపుతున్నది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చుంటుంది.

అసలు సంగతికి వస్తాను. పిల్లలతో ఒక బ్లాగు పెట్టిస్తున్నాను. బ్లాగు అంటే మన గోడ పత్రిక లాంటిదే అనుకో. పిల్లలు రాసిన ముచ్చట్లు నలుగురూ చదివేట్టు పెడతాం. చదివినవాళ్లు కింద తమ మాట రాయవచ్చు. కాకపోతే గోడ ఉండదు, కంప్యూటర్లో ఉంటుంది. మా బడిలో పది కంప్యూటర్లు ఉన్నాయి, ఆరు పనిచేస్తాయి, ఆ ఆరింటిలో ఒకదానికి మధ్యాహ్నం తర్వాత నిద్ర పడుతుంది.

మా హెడ్మాస్టరు ప్రకాశ్ సారు మంచివాడే కానీ భయస్థుడు. "పిల్లలు, ఇంటర్నెట్టు, ఆ రెండూ ఒక్క చోట వద్దు మేడం" అన్నాడు. వారం రోజులు వెంటపడితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. రాతపూర్వకంగా ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ రోజే తాళం వేస్తాడట. నేను సరే అన్నాను. నియమాలు కూడా గట్టిగానే పెట్టాను. సొంత పేరు రాయకూడదు, కలంపేరే. ఫోటో, ఊరు, బడి, ఫోన్ నంబరు ఉండకూడదు. ప్రతి వ్యాసం ముందు నేను చదవాలి, బయటివాళ్లు రాసే వ్యాఖ్య కూడా ముందు నా దగ్గరికే రావాలి. ఎవరి గురించి రాస్తే వాళ్లను అడగాలి. ఇంకొకటి, ఇది పిల్లలకు నేనిచ్చిన మాట: ఏ కలంపేరు ఎవరిదో నా నోటితో ఎవరికీ చెప్పను. హెడ్మాస్టరుకైనా, కన్నతల్లికైనా. చెప్పుకునే హక్కు రాసినవాళ్లదే.

ఇంత పంతం ఎందుకంటావేమో. నేను ఏడో తరగతిలో వాన మీద వ్యాసం రాస్తే నువ్వు కార్ఖానాలో ఎనిమిది సాంచాలూ ఆపించి అందరికీ చదివి వినిపించావు. మరమగ్గాలు ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. నేను రాసింది వినడానికి పదిమంది పెద్దవాళ్లు పని మానేశారు. ఆ గర్వంతోనే టీచరునయ్యాను. ఈ ముప్పై నాలుగు మందికీ అది ఒక్కసారైనా తగలాలని నా ఆశ.

నీ బిడ్డ,
స్వర్ణ

*

సిరిసిల్ల,
8 జులై 2025

బిడ్డా స్వర్ణా,

నీ ఉత్తరం అందింది. రోజూ పేపరు చదివేవాణ్ని కాబట్టి పేపరు భాషలోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది మళ్లీ నాకే పంపకు, ఒకసారి ఆ పని చేశావు, నేను మరిచిపోలేదు.

మీ చిన్నమ్మ మోకాళ్లు చూపించాను. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కండెలు చుడుతూ, కిందున్న నా మీద అధికారం చేస్తున్నది.

గోడ పత్రిక సంగతి చాలా సంతోషం. మా చిన్నప్పుడు గ్రంథాలయం దగ్గర అంటించేవారు. కొన్ని జాగ్రత్తలు చెబుతాను, రాసిపెట్టుకో. మైదా గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. పడమటి గోడకు అంటించకండి, ఎండకు అక్షరాలు వెలిసిపోతాయి. మేకలకు అందనంత ఎత్తులో పెట్టాలి. కోరుట్ల మేకలు ఎట్లాంటివో నాకు తెలియదు, సిరిసిల్ల మేకలు మాత్రం పరీక్ష పేపర్లు కూడా వదలవు. కంప్యూటరుతో అచ్చు తీసి అంటిస్తారు కాబట్టి చేతిరాత బాధ లేదు, అది మంచి ఉపాయం.

మా దగ్గర గుడ్డ మడత పెట్టే ముందు బల్ల మీద పరిచి వెలుతురులో చూస్తాం. తెగిన పోగు కార్ఖానాలో దొరికితే సవరించవచ్చు, బజారుకు పోయాక దొరికితే ఇజ్జత్ పోతుంది. పిల్లల రాతలు కూడా అట్లాగే చూడు.

వసంత అత్తగారి వైపు పెండ్లికి నేను రాలేదని అలిగిందట. పని ఎక్కువ ఉంది, ఆమెకు చెప్పు. ఫోన్ చేయకు. సాంచాల చప్పుడులో నీ మాట సరిగా రాదు. ఉత్తరమే మేలు, చేతిలో ఉంటుంది.

మీ చిన్నాయన,
కనకయ్య

*

కోరుట్ల,
2 ఆగస్టు 2025

చిన్నాయనకు,

నీ మైలుతుత్తం సలహా క్లాసులో చదివి వినిపించాను. పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు. ఈ పత్రికకు గంజి అక్కర్లేదు చిన్నాయనా. ఇది ఫోన్లో కనబడుతుంది. ఇక్కడ పెట్టింది దుబాయిలో ఉన్నవాడు కూడా చదవవచ్చు. మేకలు తినవు, అదే భయం. ఎవరూ తినరు, ఎండకు వెలవదు, అట్లాగే ఉండిపోతుంది.

అందుకే నెల రోజులు ఒక్క వ్యాసం కూడా పెట్టలేదు. రాయించాను, చదివించాను. "మీరు రాసింది ఎవరెవరు చదువుతారు?" అని అడిగితే బోర్డు మీద జాబితా రాశారు. అమ్మ, దోస్తులు, మేడం, దుబాయిలో బాపు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు "దొంగ గూడ సదువుతడు మేడం" అన్నాడు. అందరూ నవ్వి, తర్వాత నవ్వు ఆపేశారు. ఎందుకంటే ఒక పిల్ల వ్యాసంలో "సోమవారం మేమందరం వేములవాడ పోతున్నం, ఇంటికి తాళమే" అని ఉంది. ఇంకో పిల్ల "మా బాపు మస్కట్‌లో ఉంటడు, ఇంట్ల అమ్మ, నేను ఇద్దరమే" అని రాసింది. ఆ పిల్ల తనే లేచి వచ్చి ఆ వాక్యం కొట్టేసింది. కొట్టేసి, "మేడం, బాపు మీద బెంగ ఉన్నదని రాయొచ్చు గదా?" అని అడిగింది. రాయొచ్చు తల్లీ అన్నాను. నేను చెబితే నియమం, వాళ్లకే తడితే తెలివి.

నిన్న శుక్రవారం మొదటి వ్యాసం పెట్టాం. అది నీ గురించే. తుమ్మెద అనే కలంపేరుతో ఒక అమ్మాయి రాసింది. నీ పేరు లేదు, ఊరు లేదు, ఫోటో లేదు, "మా రేడియో తాత" అని మాత్రమే ఉంది. మొన్న నేను ఫోన్ చేసి అడిగాను కదా, నీ మీద వ్యాసం వచ్చింది, వేయమంటావా అని. నువ్వు క్షణం ఆలోచించకుండా "ఆఁ, మంచిది మంచిది" అన్నావు. ఆ చావు కబురు సంగతి కూడా ఉంది, ఉంచమంటావా అంటే దానికీ "మంచిది బిడ్డా" అన్నావు. నీ గుండె ఎంత పెద్దదో అనుకున్నాను. ఇంకొకరైతే ఒప్పుకోరు.

లింకు తల్లిదండ్రులకు మాత్రమే పంపాను. సారు మూడుసార్లు చదివి, నాలుగోసారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

నీ బిడ్డ,
స్వర్ణ

*

సిరిసిల్ల,
4 ఆగస్టు 2025

స్వర్ణలతకు,

పేపరు భాషల రాద్దామని కూసున్న. చేతకాలేదు. కోపంల పేపరు భాష నిలవది.

ఇయ్యాల పొద్దుగాల హోటల్‌కు చాయ తాగనీకి పోయిన. పది మంది ఒక ఫోను సుట్టు మూగిండ్రు. ఒకడు సదువుతున్నడు, మిగతోళ్లు నన్ను సూసి నవ్వుతున్నరు. నేనూ నవ్విన. ఎందుకు నవ్వుతున్నరో తెల్వకుంటనే నవ్విన. ఆఖరుకు ఫోను గుంజుకొని సదివిన.

"మా రేడియో తాతకు వినబడది. ఎవరేమన్నా మంచిది మంచిది అంటడు. ఒకసారి ఒకాయన వచ్చి మా అవ్వ చనిపోయింది, రేపు పదో రోజు అని చెప్పిండు. తాత నవ్వి, మంచిది మంచిది అన్నడు. ఆయన పోయినంక సంగతి తెలిసి తాత రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటి సంది పెండ్లికి పోడు, చావుకు పోడు."

పేరు పెట్టలేదని సంబురపడుతున్నవేమో. సిరిసిల్లల కనకయ్యలు యాభై మంది ఉంటరు. రేడియో తాత ఒక్కడే. ముప్పై ఏండ్ల సంది సాంచాల నెత్తి మీద రేడియో కట్టి గల్లీ అంతా వినబడేటట్టు పెట్టేటోన్ని నేనొక్కన్నే. కనకయ్య అని రాస్తె ఎవలకు తెల్వకపోవు. నువ్వు పేరు దాచి మొకం సూపెట్టినవ్.

ఆ వచ్చినాయన పోచయ్య. వాళ్లవ్వ సావు సంగతి నాకు, మీ చిన్నమ్మకు తప్ప ఇంకెవలకు ఎరుక లేదు. ఆమె నీకు చెప్పింది. నువ్వు రాసినవ్. తుమ్మెదనట, తుమ్మెద! పద్నాలుగేండ్ల పోరి గిట్ల రాస్తదా? అన్నం తినలేదని రాసిన కాడ నాకే కండ్లల్ల నీళ్లచ్చినయి. గది నీ రాతనే. మందిని అడగాలె, ఇజ్జత్ కాపాడాలె అని పోరగాండ్లకు చెప్పుకుంట నువ్వే గీ పని చేస్తివి. కంచే చేను మేసినట్టు. నన్ను అడిగినవా? ఎన్నడడిగినవ్?

పదేండ్లు దాసుకున్న. మీ చిన్నమ్మ నా పక్కన నిలవడి పెదవులు కదిపి చెప్తె సూసి మాట్లాడుకుంట ఎల్లదీసిన. కార్ఖానల ఎవలకు వినబడది, అక్కడ అందరం పెదవులు సూసే మాట్లాడుతం, అక్కడ నేను రాజును. బయట నాకు భయం. ఆ భయం ఇగ ఊరందరికి తెలిసిపాయె. చెవిటోని ముందట శంఖం ఊదినట్టు అని సామెత ఉండె, ఇప్పుడు నా ముందటనే ఊదుతున్నరు.

మీ హెడ్మాస్టరుకు ఫిర్యాదు రాసి రిజిస్టర్ పోస్టుల ఏసిన. ఇగ నాకు ఉత్తరం రాయకు.

కనకయ్య

*

కోరుట్ల,
9 ఆగస్టు 2025

చిన్నాయనకు,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి తర్వాత చించెయ్యి.

నేను రెండో తేదీన రాసిన ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. దాంట్లో ఉంది, నిన్ను ఫోన్లో అడిగానని. నీ కోపం చదివాక నా తప్పు నాకు తెలిసింది. ఎవరేమన్నా నువ్వు మంచిది మంచిది అంటావని ఆ వ్యాసంలోనే ఉంది. ఆ వ్యాసం నేను చదివాను, దిద్దాను, పదికి తొమ్మిది మార్కులు వేశాను. వేసిన చేత్తోనే ఫోన్ తీసి నిన్ను అడిగాను. నువ్వు మంచిది మంచిది అంటే, ఒప్పుకున్నావనుకున్నాను. ఇంతకంటే బుద్ధితక్కువ టీచరు ఈ జిల్లాలో ఉండదు. నీ చేతికి కాగితం ఇవ్వవలసింది. ఉత్తరాలు రాసుకునే మనిషివి నువ్వు, నీకు ఫోన్ చేశాను. తొందరపడ్డాను.

సాకులు చెప్పను. తల్లిదండ్రులకే పంపిన లింకు ఫోను నుంచి ఫోనుకు పోయి సిరిసిల్ల హోటల్ దాకా వస్తుందనుకోలేదు. పేరు తీసేస్తే మనిషి కనబడడనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఎవరిని ఊరు ఏమని పిలుస్తుందో మరిచిపోయాను.

నీ ఫిర్యాదు గురువారం అందింది. సారు అదే రోజు బ్లాగు మూసేశాడు. ఇచ్చిన మాట ప్రకారం చేశాడు, ఆయన తప్పేం లేదు. ఈ నెల ఇరవై మూడు శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఫిర్యాదు అట్లాగే ఉంటే ఆ రోజు తీర్మానం చేసి శాశ్వతంగా ఎత్తేస్తారు. ముప్పై మూడు మంది వ్యాసాలు ఇంకా వరుసలో ఉన్నాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని నేను అడగను. దెబ్బ తగిలింది నీకు, మందు వేసుకోవాలో వద్దో నీ ఇష్టం.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ వ్యాసం నేను రాయలేదు. చిన్నమ్మ నాకేమీ చెప్పలేదు, ఆమె మీద కోపం పెట్టుకోకు. తుమ్మెద ఎవరంటావా, చెప్పలేను. సారు అడిగాడు, చెప్పలేదు. వసంత అడిగింది, చెప్పలేదు. నువ్వు నన్ను చదివించినవాడివి, నీకూ చెప్పను. నేను పిల్లకిచ్చిన మాట అది. నాతో మాట్లాడకపోయినా సరే.

బ్లాగు మూసేలోపు పదిహేడు వ్యాఖ్యలు వచ్చాయి. రెండు వెక్కిరింపులు, వాటిని ఎవరి కంటా పడనివ్వలేదు. మిగతావి అచ్చు తీసి దీనితో పెడుతున్నాను. మూడోది చదువు. భీవండిలో ఉన్న మన సిరిసిల్ల ఆయనట. "నాకు గూడ ఇరవై ఏండ్ల సంది వినబడది. ఇంట్ల చెప్పలేదు. ఇయ్యాల గిది నా కొడుకు చేతుల పెట్టి సదువుమన్న." ఇట్లాంటివి పదకొండు ఉన్నాయి చిన్నాయనా. హోటల్లో నవ్విన పదిమందినే నువ్వు చూశావు.

నీ బిడ్డ,
స్వర్ణ

*

సిరిసిల్ల,
18 ఆగస్టు 2025

బిడ్డా,

కోపం కొంత తగ్గింది. ఎంత తగ్గిందో భాష చూసి నువ్వే లెక్క వేసుకో.

నీ రెండు ఉత్తరాలూ చదివాను. ఆ రోజు ఫోనులో నువ్వు చాలాసేపు మాట్లాడావు. అఖిల మార్కుల గురించి చెబుతున్నావనుకుని మంచిది అన్నాను. తప్పు నీది సగం, నాది సగం. నా సగం ఎక్కువేమో, నువ్వు పంచి చెప్పు.

పదిహేను నాడు జెండా పండుగ అయ్యాక వసంత, అఖిల వచ్చారు. మూడు రోజులు ఉన్నారు. వసంత నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున నేను మగ్గం మీద పోగు అతుకుతుంటే అఖిల వచ్చి ఎదురుగా నిలబడింది. నోటుబుక్కు తెరిచి నా ముందు పట్టుకుంది. దాని మీద ఇట్లా రాసి ఉంది: "తాతా, తుమ్మెద నేనే."

రెండుసార్లు చదివాను. మోటరు బందు చేశాను. నా నోరు బాగానే ఉంది కదా, నోటితో అడగవచ్చు. కానీ ఎందుకో నేనూ పెన్ను తీసుకుని దాని కిందే రాశాను. అట్లా ఇద్దరం అరగంట రాసుకున్నాం. ఆ పేజీ చింపి నా దగ్గర పెట్టుకున్నాను, ఇది దాని నకలు.

"ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"పెండ్లికి నువ్వు రాలేదని మా నాయనమ్మోళ్లందరు నీకు పొగరు అన్నరు. కనకయ్యకు మనుషులు ఆనరు అన్నరు. నాకు కోపమచ్చింది. నీకు పొగరు లేదు తాతా. నీకు వినబడది. నేను నోటితో చెప్తె ఎవలు వినరు. అందుకే రాసిన."

"పోచయ్య సంగతి నీకెట్ల తెలుసు?"

"నేను పక్కనే ఉన్న తాతా. ఎండకాలం సెలవులల్ల. నువ్వు నన్ను సూడలేదు. నువ్వు అన్నం తినకపోతె నేను గూడ తినలేదు."

"రాసేముందు నన్ను అడగాలె గదా?"

"అడిగితె నువ్వు మంచిది అంటవు గద తాతా."

అది చదివి నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. మీ చిన్నమ్మ వచ్చి ఇద్దరినీ చూసి, మగ్గంలో చేయి పడిందేమోనని భయపడింది.

పది మంది నవ్వారని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ఒక పిల్ల నా పక్షాన నిలబడి రాసిందని తెలియలేదు. నిన్ను కూడా అన్యాయంగా అన్నాను. కంచె చేను మేయలేదు. నాకే కనబడలేదు.

అదే సాయంత్రం పోచయ్య ఇంటికి పోయాను. వాళ్లవ్వ పోయిన మూడేండ్లకు పరామర్శకు పోయినవాణ్ని నేనే అయ్యుంటాను. "నాకు ఆ రోజు వినబడలే పోచయ్యా, మాఫ్ చెయ్యి" అన్నాను. పోచయ్య నా ముందుకు వచ్చి, పెదవులు కనబడేట్టు మెల్లగా చెప్పాడు: "నీకు వినబడదని మాకందరికి ఎరుకే. నువ్వు చెప్తలేవని మేం ఊకున్నం." "పదేండ్ల దాపరికం చిన్నాయనా నీది" అని నువ్వు నవ్వుకో, నేనేమీ అనను. పోచయ్య భార్య అన్నం పెట్టింది, తిని వచ్చాను.

ఇరవై మూడు నాడు నేను కోరుట్లకు వస్తున్నాను. మూడో రోజు నేనే మాట కలిపి వసంతకు చెప్పాను, నువ్వెవరికీ చెప్పకు. సారు ముందు ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. అంతమంది ముందు నేను ఎప్పుడూ నిలబడలేదు.

మీ చిన్నాయన,
కనకయ్య

*

కోరుట్ల,
24 ఆగస్టు 2025

చిన్నాయనకు,

నిన్న సాయంత్రం బస్సు తొందరలో నీతో సరిగా మాట్లాడలేకపోయాను. మాట్లాడినా సగమే అందేది. అందుకే రాస్తున్నాను. నిన్న ఆ హాల్లో నువ్వు చేసింది నీకు తెలుసు. జరిగింది మాత్రం నీకు సగమే తెలుసు. మిగతా సగం చెబుతాను, కూర్చుని చదువు.

పదింటికి వస్తావనుకుంటే పన్నెండైనా రాలేదు. వేములవాడలో కండక్టరు ఏమడిగితే తల ఊపావో కానీ జగిత్యాల పోయి తిరిగి వచ్చావు. ఆ రెండు గంటలూ నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. సారు నీ ఫిర్యాదు చదివేశాడు. డెబ్బై మంది తల్లిదండ్రులు. సగం మంది "ఎందుకచ్చిన లొల్లి, బందు చెయ్యుండ్రి" అంటున్నారు. తీర్మానం కాగితం మీద సంతకాలకు పెన్ను కూడా తెచ్చారు. అప్పుడు నువ్వు చెమటలు కక్కుతూ తలుపు దగ్గర కనబడ్డావు.

సారు నిన్ను ముందుకు పిలిచి ఏదో అడిగాడు. ఇప్పుడు చిన్నాయన మంచిది మంచిది అంటాడు, అంతా అయిపోతుంది అనుకున్నాను. నువ్వు అనలేదు. చేతులు కట్టుకుని నిలబడి, నీ నోటితో నువ్వే చెప్పావు.

"సారూ, మీరేమంటున్నరో నాకు వినబడుతలేదు. నాకు చెవులు పోయినయి. పదేండ్లాయె. గట్టిగ జెప్పుండ్రి, లేకుంటే రాసి సూపెట్టుండ్రి."

నువ్వు నీ భయం వాళ్ల ముందే విప్పి పెట్టావు చిన్నాయనా. నేను టీచరునని మరిచిపోయి అందరి ముందే ఏడ్చాను.

సారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాడు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని. నువ్వు చదివి అన్న మాట ఇక్కడ అందరి నోళ్లలో నానుతున్నది. "తీసుకుంట. ఒక్కటే షరతు. ఎవల మీద రాస్తె వాళ్ల చేతుల కాయితం పెట్టాలె. సదివినంకనే సంతకం. ఫోన్ల మంచిది అంటె ఒప్పుకున్నట్టు గాదు." అందరూ నవ్వారు. ఈసారి నవ్వు ఎందుకో నీకు తెలుసు, నువ్వే నవ్వించావు.

ఇక నీకు తెలియనివి. నువ్వు మాట్లాడుతుండగా మూడో వరుసలో ఒకామె పక్కామెతో అన్నది: "మా మామ గూడ గంతేనే. పిలిస్తె పలుకడని నేను మాట్లాడుడే బందు వెట్టిన." ఆమె సాయంత్రం వరకు ఉండి, నీ మీద వ్యాసం అచ్చు తీసి ఇమ్మని అడిగి పట్టుకుపోయింది. వసంత అత్తగారు కూడా వచ్చింది. పొగరు అన్నది ఆమేనట కదా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పోయేటప్పుడు నీకు దండం పెట్టిన ముసలామె ఆమెనే. నువ్వు గుర్తుపట్టలేదు.

నువ్వు బోర్డు వైపు తిరిగి నిలబడి ఉన్నావు, సారు నీ షరతును నియమంగా రాస్తుంటే ఒక్కో మాటా చదువుతున్నావు. అప్పుడే వెనక నుంచి ఒకాయన లేచి, "అంత మంచిగ రాసిన తుమ్మెద ఎవలు మేడం? జర సూపెట్టుండ్రి" అన్నాడు. చెప్పను అన్నాను. ఇంకో ఇద్దరు అడిగారు, చెప్పను అన్నాను. చెప్పుకునే హక్కు రాసినవాళ్లదే అని మళ్లీ అన్నాను. అట్లా అంటుండగానే పిల్లల వరుసలో బెంచీ కదిలింది.

తర్వాత చప్పట్లు మోగాయి. నువ్వు చప్పుడు విని కాదు, సారు సుద్దముక్క కింద పెట్టి చప్పట్లు కొట్టడం చూసి వెనక్కి తిరిగావు. డెబ్బై మంది నిలబడి ఉన్నారు. నీ షరతుకే అనుకుని అందరికీ దండం పెట్టావు. నీ దండం చూసి వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. నీ సంతోషం చూసి నేను ఆపలేదు. బస్సు దగ్గర చెప్పమంటే ఆ పిల్ల సిగ్గుపడి చెప్పలేదట.

రేపటి నుంచి బ్లాగు మళ్లీ తెరుస్తున్నాం. ముప్పై మూడు వ్యాసాలూ ఒకటొకటిగా వస్తాయి, ప్రతిదాని వెనకా ఒక సంతకం ఉంటుంది. తుమ్మెద పేరు అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఆమె కొత్త కలంపేరు పెట్టుకుంది. అది నీకు కూడా చెప్పను, బతిమాలకు.

ఆ చప్పట్లు ఎందుకో మాత్రం చెబుతాను. నువ్వు బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు, నీ వీపు వెనక అఖిల లేచి నిలబడింది. హాజరు పిలిస్తే పలకడానికి కూడా తడబడే పిల్ల. డెబ్బై మంది ముందు, చివరి వరుసకు వినబడేంత గట్టిగా అన్నది.

"నేనే రాసిన. గాయన మా తాత."

నీ బిడ్డ,
స్వర్ణ